రైతుల వ్యాపారకూటమి ఎట్లు ప్రారంభింపవలెను?

రచన: ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)



ఈ దినములలో చేతిఫోను లేని యిల్లు మన పల్లెలలో అరుదు. పత్తి ఏరబోవు కూలీ కొంగున ఫోను ఉన్నది. బర్రెలను తోలుకొని పోవువాని జేబులోను ఫోను ఉన్నది. ఒక్కొక్క ఫోనులో ఆరేడు వాట్సాప్ గ్రూపులు. ఊరి గ్రూపు, కులసంఘపు గ్రూపు, పార్టీ గ్రూపు, పిల్లల బడి గ్రూపు, వీటికి తోడు మా వ్యవసాయశాఖవారు పెట్టిన రైతుల గ్రూపు. ఇన్నిటిలో చేరియున్న రైతు తన పంటను అమ్ముకొనునప్పుడు మాత్రము ఒంటరిగానే అమ్ముకొనుచున్నాడు. ఎరువు కొనునప్పుడు ఒంటరి. ట్రాక్టరు కిరాయి మాట్లాడునప్పుడు ఒంటరి. ప్రక్క చేనివాడు అదే దినమున, అదే మార్కెటుకు, సగము ఖాళీగా నున్న బండితో పోవుచున్నాడని కూడ అతనికి తెలియదు.

ఇది ఎందువలన జరుగుచున్నది? దీనికి మార్గమేమి? ఈ విషయమున నా అభిప్రాయమును మీ ముందుంచుచున్నాను. ఇది శాఖవారి ఉత్తరువు కాదు. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో తిరుగుచు, కొన్ని తప్పులు చేసి, వాటివలన నేర్చుకొన్న మాట.

నేను చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన మండలములో రైతుల కొరకు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టితిని. రైతువేదికకు వచ్చిన ప్రతివాని నంబరును అందులో చేర్చితిని. నెల తిరుగకముందే నాలుగు వందల మంది దాటిరి. ఆ సంఖ్యను నివేదికలో వ్రాసి సంతోషించితిని.

ఆ సంవత్సరము పత్తికి గులాబీరంగు కాయతొలుచు పురుగు కనిపించినది. లింగాకర్షక బుట్టలలో రెక్కల పురుగులు పడుచున్నవనియు, వెంటనే చేను చూచుకొనవలెననియు ఒక ఉదయము గ్రూపులో వ్రాసితిని. నాలుగు దినముల తరువాత ఒక పెద్దమనిషి చేనికి పోయితిని. కాయలు విప్పి చూడగా పురుగు లోపల నున్నది. "నేను వ్రాసినది చూడలేదా?" అని అడిగితిని. ఆయన ఫోను తీసి నా చేతి కిచ్చి, "సారూ, పొద్దున లేస్తే ఇండ్ల పూలబొమ్మలు, దేవుని బొమ్మలు, పార్టీలోళ్ల కొట్లాటలే వస్తయి. మీ ముచ్చట యాడున్నదో మీరే దేవులాడుండ్రి" అనెను. దేవులాడితిని. నా సందేశముపైన నూరింటికి మించి ఇతర సందేశములు పేరుకొని యున్నవి. దాని నాతడు చూడలేదు. తప్పు ఆయనది కాదు. నాలుగు వందల మందిని ఒకచోట చేర్చితిని గాని, ఎందులకు చేర్చితినో వారికి చెప్పలేదు. వారిలో ఎవరు ఎవరికి ఏమి చేయవలెనో నిర్ణయింపలేదు.

అదే కాలమున వేరొక గ్రామములో పసుపు పండించు పన్నెండు ఇండ్లవారు నా సహాయమేమియు లేకుండగనే ఒక పని చేసికొనిరి. పసుపు ఉడికించు బాయిలరు ఊరికి వచ్చుటకు ముందే, ఎవరి పసుపు ఏ దినమున త్రవ్వబడునో కాగితముపై వరుసగా వ్రాసికొనిరి. బాయిలరువాడు ఈ కల్లమునుండి ప్రక్క కల్లమునకు పోయెనే గాని, ఊరి యీ చివరనుండి ఆ చివరకు తిరుగవలసిన పని లేకపోయెను. డీజిలు మిగిలినది గనుక కిరాయిలో కొంత తగ్గించెను. ఆ పన్నెండు ఇండ్లవారికిని ఒక చిన్న ఫోను గ్రూపు ఉండెను. అందులో పసుపు మాట తప్ప వేరు మాట రాకూడదని వారి కట్టుబాటు.

నాలుగు వందల మంది గ్రూపు పనికిరాలేదు. పన్నెండు ఇండ్ల గ్రూపు పనికివచ్చినది. ఈ భేదమునుండియే నా అభిప్రాయము పుట్టినది. మొదట ఒక పని, ఆ పని కొరకు కొద్దిమంది మనుషులు, వారి నడుమ ఒక కట్టుబాటు ఉండవలెను. ఫోను వీటి తరువాతనే రావలెను.

వర్తకుని బలము ఎక్కడ నున్నది?

వర్తకుని తిట్టుట సులభము. కాని ఆయన బలమేమిటో తెలిసికొనుట మనకు లాభము. జమ్మికుంటలో పత్తి ఎట్లున్నదో, వరంగల్లులో ఎట్లున్నదో, ఆదిలాబాదులో ఎన్ని బండ్లు వచ్చినవో, ప్రాణహిత, పెన్‌గంగలకు ఆవల మహారాష్ట్రములో ఏమి జరుగుచున్నదో ఆయనకు ఉదయము పదిగంటల లోపలనే తెలియును. ఆయనకు నలుదిక్కుల నలుగురు నమ్మకస్థులు కలరు. వారు సరియైన వార్త చెప్పుదురు. ఈయన వారికి సరియైన వార్త చెప్పును. ఒకసారి అబద్ధము చెప్పినవానిని రెండవసారి అడుగరు. ఆ నలుగురితోడి కూటమి ఆయన గిడ్డంగికంటె విలువైన ఆస్తి.

రైతునకు అట్టి నలుగురు లేరు. ఉన్నను, వారితో పంట అమ్మకమును గూర్చి మాటలాడు అలవాటు లేదు. "నేను ఎంతకు అమ్మినదియు చెప్పితే నవ్వుదురు" అని ఒకడు, "ముందుగా చెప్పితే నాకంటె ముందు పోయి అమ్ముకొనును" అని ఇంకొకడు మౌనముగా నుందురు. ఈ మౌనమునకు మనము ప్రతి సంవత్సరము వెల చెల్లించుచున్నాము.

అంగడియు జాతరయు నేర్పు పాఠము

కూటమి యనునది మనకు క్రొత్త కాదు. వారమున కొకసారి కూడు అంగడి అట్టిదే. అక్కడ ఉప్పు, మిరపకాయ మాత్రమే గాక వార్తయు దొరకును. ఏ ఊరిలో కోడెలు అమ్మకమునకు ఉన్నవి, ఎక్కడ కూలీలు దొరకుదురు, ఎవరి విత్తనము బాగుగ మొలిచినది, ఇవన్నియు అంగడిలో తెలియును. అంగడికి దినము స్థిరము, స్థలము స్థిరము. అందువలననే అది నిలిచినది.

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరను చూడుడు. జాతరకు ముందు మెస్రం వంశీయులు ఎడ్లబండిపై గూడెములు తిరిగి వార్త చెప్పుదురు. పిదప గోదావరి జలము కొరకు కాలినడకన పోయి వచ్చుదురు. అడవులలో దూరదూరముగా నున్న గూడెములవారు నిర్ణయించిన తిథికి ఒకచోట కూడుదురు. ఎవరు ఏ పని చేయవలెనో పూర్వమే నిర్ణయమై యుండుటయే దీనికి కారణము. ఫోను లేని కాలమునుండియు ఈ ఏర్పాటు నడచుచున్నది. ఫోను వచ్చిన తరువాతను మనకు కావలసినది ఇట్టి ఏర్పాటే.

ముల్కనూరు మార్గము

వ్యాపార విషయమున మన ప్రాంతములోనే గొప్ప నిదర్శనము కలదు. పూర్వపు కరీంనగరు జిల్లాకు చెందినదై, ఇప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలములో నున్న ముల్కనూరు గ్రామమున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగు సంఘము ఏర్పడినది. చుట్టుప్రక్కల 14 గ్రామములు దాని పరిధి. రైతునకు అప్పు కావలెను. ఆ అప్పుతో ఎరువు, విత్తనము కావలెను. పండిన పంటకు అమ్మకము కావలెను. ఈ మూడును ఒకే గొలుసులోని కడియములని ఆ సంఘమువారు గుర్తించిరి. అప్పు ఇచ్చిన సంఘమే ఎరువు ఇచ్చినది, పంటను తీసికొన్నది, దానిని అమ్మి అప్పు మినహాయించుకొని మిగిలినది రైతున కిచ్చినది. కాలక్రమమున బియ్యపు మిల్లు, పత్తి జిన్నింగు మిల్లు, వరి విత్తనపు వ్యాపారము ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి.

ఇందు మనము గమనింపవలసినది మిల్లులను కాదు. పరిధిని గమనింపవలెను. ఎవరి పొలము ఎంత, ఎవరి మాట ఎట్టిది అన్నది ఒకరికొకరు ఎరిగిన దూరములోనే వారు పని ప్రారంభించిరి. తెలిసినవారి నడుమ ఎగవేత కష్టము. తెలిసినవారి నడుమ తూకములో మోసము అంతకంటె కష్టము.

అచ్చటనే 2000 సంవత్సరమున మహిళల పాల డెయిరీ ప్రారంభమైనది. "స్వకృషి" పేరుతో వారి పాలు అమ్మకమగుచున్నవి. ఈ డెయిరీ ఆకాశమునుండి ఊడిపడలేదు. దానికి ముందు సంవత్సరముల తరబడి ఆ గ్రామముల స్త్రీలు పొదుపు సంఘములు నడపిరి. నెలనెల కొద్దిపాటి రూకలు కూడబెట్టి, లెక్క వ్రాసి, అప్పు లిచ్చి, వసూలు చేసిరి. డబ్బు లెక్కలో నమ్మకము కుదిరిన పిదపనే పాల లెక్కకు దిగిరి.

ఇతర దేశముల అనుభవము గూడ ఇట్టిదే. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో 28 మంది శ్రామికులు 28 పౌండ్ల మూలధనముతో ఒక దుకాణము తెరచిరి. పిండి, వెన్న, చక్కెర వంటి కొద్ది సరుకులే అమ్మిరి. కల్తీ లేని సరుకు, సరియైన తూకము, లాభములో అందరికి పాలు అను నియమములను పాటించిరి. ప్రపంచములోని సహకార సంఘములకు ఆ నియమములే నేటికిని ఆధారము.

ఎట్లు ప్రారంభింపవలెను?

ఇక పని విధానమునకు వత్తము. రాబోవు పంట కాలమునకు ముందే ఈ క్రింది వరుసను అనుసరించవచ్చును.

1. ఒకే అవసరమును ఎన్నుకొనుడు. "రైతుల అభివృద్ధి" అను పేరుతో ప్రారంభించిన గ్రూపు నిలువదు. "మా వాడలోని పత్తిని కలిసి మార్కెటుకు తోలుట", "డి.ఏ.పి.ని కలిసి తెప్పించుట", "వరికోత యంత్రమునకు వరుస ఏర్పరచుట", "కందిపప్పు పట్టించి అమ్ముట" వీటిలో ఏదో ఒకటి చాలును. పని ఎంత చిన్నదైన అంత మంచిది.

2. పదిహేను, ఇరువది ఇండ్లకు మించకుడు. వాట్సాప్ గ్రూపులో 1,024 మందిని చేర్చవచ్చును. చేర్చగలము గనుక చేర్చవలెనన్న నియమము లేదు. ప్రతి సభ్యుడు తక్కిన అందరి ఇండ్లు ఎరిగి యుండవలెను.

3. మొదట కాగితముపై పట్టిక వ్రాయుడు. పేరు, పంట, రకము, ఎకరములు, కోతకు వచ్చు వారము, తన దగ్గర నున్న వస్తువు (ట్రాక్టరు, టార్పాలిను, స్ప్రేయరు, ఖాళీ గది), తనకు కావలసిన వస్తువు. ఈ పట్టిక వ్రాయునప్పుడే సగము వ్యాపారము కుదురును. ఒకని దగ్గర టార్పాలిను ఊరక పడియుండును. రెండిండ్ల అవతల ఇంకొకని వడ్లు వానకు తడియుచుండును. ఈ సంగతి పట్టికలో కండ్లకు కట్టును.

4. తరువాతనే ఫోను గ్రూపు పెట్టుడు. నిర్వాహకులు ఇద్దరు ఉండవలెను. వారిలో ఒకరు స్త్రీ అయి యుండుట మేలు, ఏలయనగా పత్తి ఏరుట ఎప్పుడు ముగియునో, పాలు ఎన్ని లీటర్లు వచ్చునో ఆమెకే ముందుగా తెలియును. శుభోదయములు, పండుగ బొమ్మలు, రాజకీయములు ఈ గ్రూపులో కూడవని మొదటి దినముననే చెప్పవలెను. వాటికి వేరు గ్రూపు లున్నవి. నియమము తప్పినవానిని ఒకసారి హెచ్చరింపవలెను. రెండవసారి తప్పినచో మొగమాటము లేక తొలగింపవలెను.

5. ధర చెప్పునప్పుడు నాలుగు వివరములు తప్పక చెప్పవలెను. ఏ మార్కెటు, ఏ దినము, సరుకు ఎట్టిది (తేమ, రకము), చెప్పువాడు స్వయముగా చూచినాడా లేక వినినాడా. "పత్తి ధర పెరిగిందట" అనునది వార్త కాదు. "నేడు ఉదయము నా కండ్ల ముందర ఫలానా యార్డులో, ఇంత తేమగల పత్తికి, ఇంత పలికినది" అనునది వార్త.

6. చదువురాని వారిని వదలివేయకుడు. మాటను రికార్డు చేసి పంపు వీలు ఫోనులో కలదు. ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతములలో గోండి, మరాఠీ మాటలాడు కుటుంబము లున్నచోట ఆ భాషలోనే మాట పంపవలెను. సిగ్నలు అందని గూడెములున్నచో, అంగడి దినమున వార్తను వినిపించుటకు ఒక మనిషిని నియమించుకొనవలెను. గ్రూపులో నున్నవాడే సభ్యుడు, లేనివాడు కాదు అనుకొనుట పొరపాటు.

7. వారమున కొకసారి ముఖాముఖి కూడుడు. 2020లో మన రాష్ట్రమున ఐదువేల ఎకరముల క్లస్టరున కొకటి చొప్పున 2,601 రైతువేదికలను తలపెట్టి కట్టించిరి. మీటింగుల దినమున తప్ప తక్కిన దినములలో అవి ఖాళీగా నుండుట తగదు. అర్ధగంట కూర్చున్న చాలును. గత వారము ఎవరు ఏ మాట ఇచ్చిరి, నెరవేర్చిరా లేదా అన్నది మాత్రమే చర్చింపవలెను.

8. లెక్కపుస్తకము ఒకటి ఉంచుడు. రెండు వందల రూపాయల ఉమ్మడి కిరాయి యైనను అందులో వ్రాయవలెను. దానిని ఎవరడిగినను చూపవలెను. కూటములు పెద్ద మోసములవలన చెడుటకంటె చిన్న లెక్కలు చెప్పకపోవుటవలన చెడుటయే ఎక్కువ.

పత్తి విషయమున ఒక లెక్క

ఇట్టి చిన్న కూటమివలన నిజముగా ఏమి మిగులునని మీరు అడుగవచ్చును. పత్తినే తీసికొందము.

2025–26 సంవత్సరమునకు పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతుధర క్వింటాలునకు 8,110 రూపాయలు. తేమ 8 శాతము ఉన్నచో ఈ ధర పూర్తిగా వచ్చును. ఆపైన ఒక్కొక్క శాతమునకు ధరలో ఒక్కొక్క శాతము తగ్గును. 12 శాతము దాటిన పత్తిని మద్దతుధరకు తీసికొనరు. అనగా 12 శాతము తేమగల పత్తికి క్వింటాలునకు 324 రూపాయల 40 పైసలు తగ్గును. ఇరువది క్వింటాళ్లు గల రైతునకు ఇది 6,488 రూపాయల నష్టము. రెండు దినముల యెండతో పోవు తేమకు ఇంత మూల్యము!

ఆ తేమ ఎంతయో ఇంటియొద్దనే తెలిసిన రైతు పత్తిని ఆరబెట్టుకొనును. తెలియనివాడు కిరాయి పెట్టి బండి నింపుకొని పోయి, సరియైన తేమ లేక తిరిగివచ్చును. పోయిన కిరాయి, వచ్చిన కిరాయి రెండును అతనివే. ఒక్క ఇంటివాడు తేమ కొలుచు పనిముట్టు కొనుట భారమే. పదిహేను ఇండ్లవారు కలిసి కొనుట భారము కాదు. అట్లే టార్పాలిన్లు.

2025–26 కాలమున మద్దతుధరకు పత్తి అమ్మదలచినవారు "కపాస్ కిసాన్" అను ఫోను ఏర్పాటు ద్వారా ముందుగా స్లాటు తీసికొనవలసి వచ్చినది. ఫోను వాడుక తెలిసిన కొడుకు పట్టణములో ఉండి, ఇంటియొద్ద ముసలివారు మాత్రమే ఉన్న కుటుంబములు ఎంత ఇబ్బంది పడినవో మీకు తెలియును. ప్రతి వాడలోను ఇట్టి పని తెలిసిన యువకుడు ఒకడైనను ఉండును. కూటమిలో అతనిని చేర్చుకొని, ఆ పనిని అతనికి అప్పగించినచో పదిహేను ఇండ్లకును ఇబ్బంది తీరును. ఎవరి స్లాటు ఏ దినమున నున్నదో అందరికి తెలిసినచో బండి, హమాలీలు కలిసివచ్చును. పాసుపుస్తకము, ఆధారు, బ్యాంకు ఖాతా వివరములు సరిగా నున్నవో లేవో మాత్రము పంట చేతికి రాకముందే చూచుకొనవలెను.

మోసముల విషయమున జాగ్రత్త

నలుగురు చేరినచోటికి దొంగయు వచ్చును. "మీ పసుపు మేము కొందుము, అడ్వాన్సు పంపుచున్నాము, మీ పిన్ కొట్టుడు" అని ఎవరైన అనినచో వెంటనే ఫోను పెట్టివేయుడు. ఫోను ద్వారా డబ్బు పుచ్చుకొనుటకు పిన్ కొట్టవలసిన అవసరము ఎన్నడును లేదు. పిన్ కొట్టుట డబ్బు ఇచ్చునప్పుడే. ఓ.టి.పి.ని ఎవరికిని చెప్పరాదు. తెలియనివారు పంపిన ఫైలును తెరచి ఫోనులో ఎక్కించుకొనరాదు. ప్రభుత్వ పథకము పేరుతో వచ్చిన లింకు నైనను, మీ వ్యవసాయ విస్తరణాధికారిని అడుగక ముట్టరాదు. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన అంత మంచిది.

సభ్యుల ఆధారు కాగితములను, బ్యాంకు పుస్తకముల ఫొటోలను గ్రూపులో పెట్టుటయు తప్పే. ఆ పనికి కాగితములను చేతి కిచ్చి చేత తీసికొనవలెను.

పెద్ద వేదికలలో చేరుట ఎప్పుడు?

ఇప్పుడు పెద్ద పెద్ద వేదికలు రైతును పిలుచుచున్నవి. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెటు, అనగా ఇ-నామ్, యార్డుకు వచ్చిన సరుకును దూరమునందున్న కొనుగోలుదారుడు గూడ ఫోనులో చూచి ధర వేయుటకు వీలు కల్పించినది. 2021 డిసెంబరులో ఓ.యన్‌.డి.సి. అను సంస్థ ఏర్పడినది. ఇది ఒక దుకాణము కాదు. అనేక దుకాణములను, అనేక కొనుగోలు యాప్‌లను కలుపు బాట వంటిది. ఒక యాప్‌లో సరుకు పెట్టినవానిని వేరొక యాప్‌ వాడువాడు కూడ చూచి కొనవచ్చును. రైతు ఉత్పత్తిదారుల సంఘములు దీని ద్వారా తమ సరుకును నేరుగా అమ్మవచ్చును.

ఇవి మంచివే. కాని పచ్చి పత్తిని, తడి వడ్లను అమ్మువానికి ఓ.యన్‌.డి.సి.తో పని లేదు. పసుపు పొడి, పప్పులు, జొన్నపిండి, తేనె, ఇప్పపువ్వు లడ్లు వంటి ఇంటింట వాడు సరుకు చేయువారికి అది ఉపయోగము. వారు గూడ ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను. నెలనెల ఒకే నాణ్యముగల సరుకు ఇయ్యగలమా? ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషను ఉన్నదా? ప్యాకెట్టుపై తూకము, తేదీ, చిరునామా ఉన్నవా? తిరిగివచ్చిన సరుకు నష్టము ఎవరు భరింతురు? వీటికి జవాబు లేక చేరినవారు మొదటి పది ప్యాకెట్లతోనే చెడ్డపేరు తెచ్చుకొందురు. పట్టణమువాడు మన మొగము చూడడు, ప్యాకెట్టునే చూచును.

రైతు ఉత్పత్తిదారుల సంఘముల మాటయు ఇట్టిదే. కంపెనీల చట్టము క్రింద పది మంది ఉత్పత్తిదారులు కలిసిన చాలును, ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకొనవచ్చును. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సహకార సంఘముగను నమోదు చేసికొనవచ్చును. 2020లో కేంద్రప్రభుత్వము పదివేల సంఘముల పథకమును ప్రారంభించినది. అందు మైదాన ప్రాంతములలో ఒక్కొక్క సంఘమునకు కనీసము 300 మంది సభ్యులు ఉండవలెననియు, సభ్యుల వాటాధనమునకు సమానముగ సభ్యునికి 2,000 రూపాయల వరకు, సంఘమునకు 15 లక్షల వరకు గ్రాంటు ఇత్తుమనియు నిబంధన.

గ్రాంటు వచ్చునని మూడు వందల సంతకములు ప్రోగుచేయుట ఒక వారము పని. మూడు వందల మంది సరుకును ఒకచోటికి చేర్చుట సంవత్సరముల పని. ఇందు మా శాఖలోని మావంటి వారిది గూడ లోపమున్నది. ఎన్ని సంఘములు, ఎందరు సభ్యులు అని లెక్కించుచున్నాము; వారు కలిసి ఎన్ని బండ్లు తోలిరి, ఎన్ని బస్తాలు కొనిరి అని లెక్కించుట లేదు. పదిహేను ఇండ్ల కూటములు ఇరువది, రెండు పంటలు కలిసి పనిచేసిన పిదప ఒక పెద్ద సంఘముగా చేరినచో అది నిలుచును. పైనుండి క్రిందికి కట్టిన ఇల్లు ఎక్కడను లేదు గదా!

కొన్ని ఆక్షేపణలు

"మా ఊరిలో పార్టీలున్నవి, కులములున్నవి, కలిసిరారు" అని కొందరందురు. నిజమే. అందువలననే ఊరంతటిని కలుపుమని నేను చెప్పుట లేదు. ఒక పనికి పదిహేను ఇండ్లను కలుపుమనుచున్నాను. ఎన్నికలలో ఎదురెదురుగా నిలిచినవారు ఒకే కాలువ నీరు పంచుకొనుచున్నారు. బండి కిరాయి పంచుకొనుటకు అభ్యంతర మేమి?

"ధర చెప్పితే ప్రక్కవాడు ముందు పోయి అమ్ముకొనును" అని ఇంకొక భయము. మార్కెటుకు వచ్చు వేల బస్తాలలో ప్రక్కవాని ఇరువది బస్తాలు ధరను దింపవు. కాని అతడు చెప్పిన వార్త రేపు మీ ఇరువది బస్తాలకు ధర తేగలదు.

"షావుకారు అప్పు ఇచ్చినాడు, ఆయనకే వేయవలెను" అని మూడవ మాట. ఇది అన్నిటికంటె బరువైన మాట. దీనిని నేను కాదనను. ఆపదలో ఆదుకొన్నవానిని మరచుమని ఎవరును చెప్పరాదు. అప్పు ఉన్న రైతు మొదటి సంవత్సరము ఎరువు కొనుగోలులోనో, యంత్రపు కిరాయిలోనో కూటమితో కలిసి, మిగిలిన దానితో అప్పు తగ్గించుకొనవచ్చును. అమ్మకపు స్వేచ్ఛ ఒక్క సంవత్సరములో రాదు. ముల్కనూరువారు అప్పును, అమ్మకమును జతచేయుటలోని రహస్యము ఇదియే.

గ్రామాధికారులకు మనవి

గ్రామ కార్యదర్శులకు, పంచాయతీ పెద్దలకు, తోటి విస్తరణాధికారులకు ఒక మాట. ఈ కూటములకు మనము అధ్యక్షులము కారాదు. రైతువేదిక తాళము సమయమునకు తెరచుట, పట్టిక వ్రాయుటకు సహాయపడుట, తప్పుడు వార్త వచ్చినప్పుడు నిజము చెప్పుట, స్లాటు, పాసుపుస్తకముల చిక్కు విప్పుట, ఇంతవరకే మన పని. మనము బదిలీయై పోవుదుము. ఊరు అక్కడనే ఉండును. మనము పోయిన దినమున ఆగిపోవు కూటమి, మనము ఉన్న దినములలో కూడ నిజముగా నడచినది కాదు.

రైతు సోదరులారా! ఈ పుటలు చదివిన సాయంత్రమే మీ వాడలో పది ఇండ్లు తిరుగుడు. "ఈ పంటకు నీకు అన్నిటికంటె ఇబ్బంది యేది?" అను ఒక్క ప్రశ్న అడుగుడు. పదింట ఆరు ఇండ్లలో ఒకే జవాబు వచ్చినచో మీ కూటమికి పని దొరికినట్లే. మరునాడు ఒక తెల్లకాగితము, ఒక కలము తీసికొని అరుగుమీద కూర్చుండుడు. ఫోను జేబులోనే ఉండనిండు; దాని వంతు తరువాత వచ్చును. పంట ముగిసిన పిదప మీ లెక్కపుస్తకమును తీసికొని మీ మండల వ్యవసాయాధికారి యొద్దకు రండు. అందులో మిగిలినది నాలుగు వందల రూపాయలే యైనను, దానిని చూపి ప్రక్క వాడవారికి చెప్పుటకు ఆయనకు అంతకంటె మంచి పాఠము ఉండదు.